కొత్త నర్సు తొలి అడుగు ఎక్కడ? జనరల్ వార్డులోనా, ఐ.సి.యు.లోనా?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





నేను నర్సును కాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఆసుపత్రి విషయం మాట్లాడడానికి ఈమె ఎవరని మీలో కొందరికి అనిపించవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే బాధ్యత కమిటీ కొన్నేళ్లుగా నా మీద పెట్టింది. జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చదివే ఆడపిల్లల కాగితాలు నా చేతి మీదుగా వెళతాయి. కోర్సు ముగిసి రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన వారంలోనే ఆ తల్లిదండ్రుల నుంచి ఫోన్ వస్తుంది. "మేడమ్, పాపకు రెండు చోట్ల పిలుపు వచ్చింది. ఒక చోట జనరల్ వార్డు అంటున్నారు, ఇంకో చోట ఐ.సి.యు. అంటున్నారు. ఎక్కడ చేర్పించమంటారు?"

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పడం తేలిక. అయితే ఆ మాట మీద ఒక పిల్ల వృత్తి జీవితం, ఆమె చేతిలో ఉండే రోగుల ప్రాణం, మీరు ఇచ్చిన డబ్బు ఆధారపడి ఉన్నాయి. అందుకే ఈ విషయాన్ని నిదానంగా మీ ముందు పెట్టాలనుకున్నాను. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగబోతున్నాను కూడా.

ఇళ్లలో ఐ.సి.యు. మీద మోజు ఎందుకు?

ముందు తల్లిదండ్రుల వైపు నుంచి చూద్దాం. వాళ్లు ఐ.సి.యు. అనడానికి కారణాలున్నాయి, అవి కొట్టిపారేసేవి కావు.

మొదటిది గల్ఫ్. సౌదీ, ఖతర్, దుబాయ్ ప్రకటనల్లో "రెండేళ్ల అనుభవం" అన్న మాట సాధారణంగా ఉంటుంది. దాని పక్కన ఐ.సి.యు. అన్న మూడు అక్షరాలు ఉంటే సర్టిఫికెట్‌కు బరువు వస్తుందని అందరి నమ్మకం. రెండోది పేరు. "మా అమ్మాయి ఐ.సి.యు.లో చేస్తోంది" అని చెప్పుకోవడంలో ఒక గౌరవం ఉంది. మూడోది బయటికి చెప్పరు కానీ నాతో చెబుతారు. వార్డులో రోగికి ముగ్గురు అటెండెంట్లు ఉంటారు, వచ్చేపోయేవాళ్లు ఉంటారు, మాటలు పడాల్సి వస్తుంది. ఐ.సి.యు.కి తలుపు ఉంటుంది, బయటివాళ్లు లోపలికి రారు, పిల్ల భద్రంగా ఉంటుందని తల్లి ఆలోచన. పరదా పాటించే ఇళ్లలో ఈ ఆలోచన ఇంకా బలంగా ఉంటుంది. ఆ తల్లిని నేను తప్పుపట్టను.

ఇటు అనుభవమున్న సీనియర్ సిస్టర్లను అడిగితే చాలామంది ఒకటే అంటారు: "ముందు వార్డు చెయ్యనివ్వండి. చెయ్యి తిరగాలి." ఈ రెండు మాటల్లో ఏది ఎంతవరకు నిజమో తెలియాలంటే ఐ.సి.యు. అన్నది ఎందుకు పుట్టిందో కొంచెం తెలుసుకోవాలి.

ఐ.సి.యు. పుట్టిన కథ

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి పిల్లలు, పెద్దలు కళ్లముందే ఊపిరాడక పోతున్నారు. ఉన్న యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్‌లో వాడే పద్ధతినే వార్డులోకి తెచ్చాడు. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. మొదట అలా బతికింది పన్నెండేళ్ల అమ్మాయి. సంచి నొక్కడానికి రాత్రీపగలూ మనుషులు కావాలి. సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని వారాల తరబడి ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. మరుసటి ఏడాది ఇబ్సెన్ అలాంటి రోగుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టాడు. నేటి ఐ.సి.యు.కి అది మొదలు.

ఈ కథ నాకు ఎందుకు ముఖ్యమంటే, ఆ సంచులు నొక్కినవాళ్లు పండిపోయిన నిపుణులు కారు, చదువుకుంటున్న కుర్రవాళ్లు. కొత్తవాళ్లు ఐ.సి.యు.లో అడుగే పెట్టకూడదనడానికి లేదని దీన్నిబట్టి తెలుస్తోంది. కానీ వాళ్ల పరిస్థితి ఎలాంటిదో గమనించండి. ఒక్కొక్కరి ముందు ఒక్కడే రోగి, చేతిలో ఒక్కటే పని, వెనక చూసుకునే పెద్ద డాక్టర్లు. ఈ మూడూ ఉన్నాయి కాబట్టి పని జరిగింది. ఇప్పటికీ వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక నర్సు ఉండాలన్నదే పుస్తకంలోని లెక్క. మన దేశంలో ప్రభుత్వ ఆసుపత్రుల కోసం వేసిన పాత లెక్కలో కూడా ఐ.సి.యు.లో పడకకు ఒకరు, జనరల్ వార్డులో ఆరు పడకలకు ఒకరు అని ఉంది. పుస్తకంలో ఉన్నది పడక దగ్గర ఉంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. దానికి మళ్లీ వస్తాను.

వార్డు ఏం నేర్పుతుంది?

జనరల్ వార్డు అంటే సులువైన చోటు అనుకుంటారు. అది పొరపాటు. అక్కడ జ్వరం ఉంటుంది, షుగర్ పుండు ఉంటుంది, పాము కాటు ఉంటుంది, రేపు ఇంటికి వెళ్లే ముసలాయన ఉంటాడు, ఇవాళ రాత్రికి పరిస్థితి దిగజారబోయే మనిషి ఉంటాడు. ఆ చివరి ఇద్దరూ పక్కపక్క మంచాల మీదే పడుకుని ఉంటారు. చూడడానికి ఇద్దరూ ఒకేలా ఉంటారు. వాళ్లలో ఎవరు దిగజారుతున్నారో పసిగట్టడమే నర్సు విద్యలో మొదటి పాఠం.

బ్రిటన్‌లో 2012 నుంచి ఇందుకు ఒక లెక్క వాడుతున్నారు. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, రక్తంలో ఆక్సిజన్ ఎంత, బి.పి. ఎంత, నాడి ఎంత, స్పృహ ఎలా ఉంది, జ్వరం ఎంత. ఈ ఆరింటికీ మార్కులు వేసి కూడతారు. మొత్తం పెరిగితే డాక్టర్ని పిలవాలి. ఆరింటిలో మన దగ్గర ఎక్కువగా ఎగ్గొట్టేది మొదటిదే, ఊపిరి లెక్క. దానికి యంత్రం అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న గడియారం, ఒక్క నిమిషం ఓపిక చాలు. రోగి ఛాతీ లేవడం, దిగడం కళ్లతో చూసి లెక్కపెట్టాలి. ముప్పై మందికి పొద్దునా సాయంత్రం ఇలా లెక్కపెట్టిన పిల్లకు ఆరు నెలల్లో ఒక చూపు అలవడుతుంది. గుమ్మంలో నిలబడి వార్డంతా ఒకసారి చూసి "ఏడో నంబరు మంచం ఏదో తేడాగా ఉంది" అనగలుగుతుంది.

ఇక చేతి లెక్కలు. ఐ.సి.యు.లో సెలైన్ ఎంత వేగంగా పోవాలో పంపుకు చెబితే అది చూసుకుంటుంది. వార్డులో పంపు ఉండదు. అయిదు వందల ఎం.ఎల్. సెలైన్ నాలుగు గంటల్లో పోవాలి. ఎం.ఎల్.కి ఇరవై చుక్కలు పడే సెట్ అయితే మొత్తం పదివేల చుక్కలు. దాన్ని 240 నిమిషాలకు పంచితే నిమిషానికి 42. మా తొమ్మిదో తరగతి పిల్లలు చేసే లెక్కే ఇది. కానీ రాత్రి మూడు గంటలకు, పక్క మంచం వాళ్లు పిలుస్తుంటే, తప్పు లేకుండా చేయడం వేరు.

ఇన్సులిన్ చూడండి. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా వచ్చేది ఎం.ఎల్.కి 40 యూనిట్లది. దానికి 40 గీతల సిరంజి వాడాలి. 100 గీతల సిరంజి కూడా దుకాణంలో దొరుకుతుంది. 40 యూనిట్ల మందును 100 గీతల సిరంజిలో పది గీతల దాకా తీస్తే లోపలికి వెళ్లేది నాలుగు యూనిట్లే. తారుమారై 100 యూనిట్ల మందు 40 గీతల సిరంజిలో పది గీతల దాకా తీస్తే ఇరవై అయిదు యూనిట్లు వెళతాయి. మొదటిదానికి షుగర్ దిగదు, రెండోదానికి మనిషే పడిపోతాడు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ చదివి కలిపి చూసుకోవడం వార్డులో రోజుకు పదిసార్లు చేస్తే అది చేతికి అలవాటవుతుంది.

అన్నిటికన్నా పెద్దది మాట. ఐ.సి.యు. రోగి చాలాసార్లు మాట్లాడలేడు. వార్డు రోగి మాట్లాడతాడు, ఏడుస్తాడు, కోప్పడతాడు, మందు దాచేస్తాడు, భార్యతో ఒకటి, డాక్టరుతో ఇంకొకటి చెబుతాడు. మన పిల్లలకు ఇక్కడ ఒక బలం ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మతో తెలుగులో, పాతబస్తీ నుంచి వచ్చిన దాదీతో దక్కనీలో మాట్లాడి, నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో రాబట్టగలరు. ఈ బలానికి పదును పెట్టేది వార్డే.

ఐ.సి.యు. ఏం నేర్పుతుంది?

ఇప్పుడు అవతలి పక్షం మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఐ.సి.యు.లో కొత్త పిల్లకు ఒకరో ఇద్దరో రోగులే ఉంటారు. ఒక మనిషి శరీరాన్ని తల నుంచి కాలి దాకా లోతుగా అర్థం చేసుకునే వీలుంటుంది. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయో కళ్లముందే కనిపిస్తుంది. గంట గంటకూ రాసే చార్టు క్రమశిక్షణ నేర్పుతుంది. డాక్టరు పిలుపు దూరంలో ఉంటాడు.

బి.ఎడ్. చేసినవాళ్లకు "సూక్ష్మ బోధన" అంటే ఏమిటో తెలుసు. 1960ల్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతి. కొత్త టీచర్‌ను ఒక్కసారిగా యాభై మంది ముందుకు తోయరు. అయిదారుగురు పిల్లలు, అయిదు పది నిమిషాలు, ఒకే ఒక నైపుణ్యం. ఇవాళ ప్రశ్నలు అడగడం మాత్రమే, రేపు నల్లబల్ల వాడకం మాత్రమే. "ఐ.సి.యు. కూడా అలాంటిదే కదా మేడమ్, రోగులు తక్కువ కదా" అని నన్ను ఒక తండ్రి అడిగాడు. మంచి ప్రశ్న. చాలా రోజులు ఆలోచించాను.

తేడా ఇది. సూక్ష్మ బోధనలో పిల్లల సంఖ్యతో పాటు పనిని కూడా తగ్గిస్తారు. ఐ.సి.యు.లో రోగుల సంఖ్య తగ్గుతుంది కానీ పని తగ్గదు, పది రెట్లవుతుంది. ఒక్క మంచం చుట్టూ వెంటిలేటర్, మానిటర్, నాలుగైదు మందుల పంపులు, మూత్రం గొట్టం, ముక్కు గొట్టం ఉంటాయి. బి.పి. నిలబెట్టే మందు సిరంజి అయిపోయి కొత్తది మార్చే ఆ కాసేపట్లోనే బి.పి. పడిపోవచ్చు, ఆ మందు ప్రభావం నిమిషాల్లో తగ్గిపోతుంది కాబట్టి. వెంటిలేటర్ మోగితే గొట్టం ఊడిందా, కఫం అడ్డుపడిందా, రోగి గొట్టం కొరుకుతున్నాడా అన్నది క్షణాల్లో తేల్చాలి. మానిటర్ మీద గీత చదునుగా అయితే గుండె ఆగిందా, లేక ఛాతీకి అంటించిన తీగ ఊడిందా? ముందు రోగిని చూడాలి, తర్వాత తెరను చూడాలి. రోగిని చూడడం వార్డులో నేర్చుకోని పిల్ల తెరను మాత్రమే చూస్తుంది. ఇది నా మాట కాదు, సీనియర్ సిస్టర్లు పదేపదే చెప్పే మాట.

సూక్ష్మ బోధనలో ఇంకొకటి కూడా ఉంటుంది. తరగతి వెనక బెంచీ మీద ఒక పర్యవేక్షకుడు కూర్చుని రాసుకుంటాడు. పాఠం అయ్యాక "ఇది బాగుంది, ఇది మార్చు, మళ్లీ చెప్పు" అంటాడు. ఆ వెనక బెంచీ మనిషి లేకపోతే అది సూక్ష్మ బోధన కాదు. ఐ.సి.యు. విషయంలో కూడా నేను అడిగేది అదే. వెనక బెంచీలో ఎవరున్నారు?

పుస్తకాలు ఏం చెబుతున్నాయి?

పట్రీషియా బెన్నర్ అనే అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు 1984లో ఒక పుస్తకం రాశారు. నర్సు ఎదుగుదలలో అయిదు మెట్లున్నాయన్నారు. మొదట ఏమీ తెలియని కొత్త, తర్వాత కాస్త తెలిసిన కొత్త, ఆ తర్వాత సమర్థురాలు, ఆపైన నేర్పరి, చివర నిపుణురాలు. కోర్సు ముగించి వచ్చిన పిల్ల రెండో మెట్టు మీద ఉంటుంది. ఒకే రకమైన పనిలో రెండు మూడేళ్లు చేశాక సమర్థురాలి మెట్టుకు చేరుతుంది. మా ఉపాధ్యాయ వృత్తిలో కూడా ఇదే లెక్క సరిపోతుంది. మూడేళ్లు నిండని టీచరు పాఠం చెబుతుంది, మూడేళ్లు దాటిన టీచరు పిల్లలకు చెబుతుంది.

బెన్నర్ చెప్పిన మరో మాట వార్డు పక్షం వాళ్లు కూడా వినాలి. ఎంత నిపుణురాలైనా తనకు తెలియని విభాగంలోకి వెళితే మళ్లీ మొదటి మెట్ల మీదే నిలబడుతుంది. అంటే వార్డులో రెండేళ్లు చేసినంత మాత్రాన ఐ.సి.యు. వచ్చేసినట్టు కాదు. అక్కడా మళ్లీ నేర్పాల్సిందే. కోవిడ్ కాలంలో 2020, 2021లో వార్డు సిస్టర్లను ఉన్నట్టుండి ఐ.సి.యు.ల్లో నిలబెట్టినప్పుడు వాళ్లు ఎంత నలిగిపోయారో మనకు తెలుసు. అయితే వార్డు చేసినవాళ్లకు మొదటి మెట్లు త్వరగా ఎక్కే బలం ఉంటుంది. రోగిని చూడడం, మందు సరిచూడడం, పని వరుస పెట్టుకోవడం వాళ్లు కొత్తగా నేర్చుకోవక్కర్లేదు. యంత్రాలు నేర్చుకుంటే చాలు.

అంతకు పదేళ్ల ముందే, 1974లో, మార్లిన్ క్రేమర్ అనే మరో ఆచార్యురాలు కొత్త నర్సులు వృత్తి ఎందుకు వదిలేస్తున్నారని పరిశీలించి పుస్తకం రాశారు. కాలేజీలో నేర్చుకున్న నర్సింగ్ ఒకటి, ఆసుపత్రిలో కనిపించేది మరొకటి. ఆ తేడా తగిలి మొదటి నెలల్లోనే పిల్లలు విరిగిపోతారని ఆమె చెప్పారు. యాభై ఏళ్లయినా ఆ మాట పాతబడలేదు.

కొన్ని దేశాల్లో కొత్త నర్సులను నేరుగా ఐ.సి.యు.లోకి తీసుకుంటున్నారన్నది నిజమే. అమెరికాలో చాలా ఆసుపత్రులు తీసుకుంటాయి. కానీ నెలల తరబడి ఒక సీనియర్ పక్కన నిలబెట్టి నేర్పుతాయి, ఏడాది పాటు సాగే శిక్షణ కార్యక్రమాలు నడుపుతాయి. బ్రిటన్‌లో ఐ.సి.యు.లో చేరిన కొత్త నర్సును కనీసం ఆరు వారాలు డ్యూటీ లెక్కలోకి తీసుకోకూడదన్నది ప్రమాణం. అంటే ఆమె అక్కడ ఉంటుంది, పని చేస్తుంది, కానీ ఆ రోగి బాధ్యత వేరే నర్సుది. "అమెరికాలో తీసుకుంటున్నారు కదా" అనేవాళ్లు ఆ సగం మాటతో ఆగిపోతారు, ఈ మిగతా సగం చెప్పరు.

మన పిల్లల సంగతి

నా దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. పేర్లు, ఊళ్లు అక్కర్లేదు.

ఒకమ్మాయి మార్కుల్లో ముందుండేది. కోర్సు కాగానే నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు.లో చేరింది. రెండో వారంలోనే నైట్ డ్యూటీ. వెంటిలేటర్ మీద ఇద్దరు రోగులు, అడగడానికి సీనియర్ లేదు. అలారం మోగినప్పుడల్లా గుండె జారిపోయేదని చెప్పింది. ఒక రాత్రి ఒక రోగి పోయాడు. ఆయన పోవడానికి ఆమె కారణం కాదని డాక్టరే చెప్పాడు. కానీ నాకు తెలిసి ఉంటే ముందే పిలిచేదాన్నేమో అన్న ఆలోచన ఆమెను వదల్లేదు. మూడు నెలలకు ఇంటికి వచ్చేసింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి తెచ్చుకోవడానికి తండ్రి నాలుగుసార్లు తిరిగాడు. ఇంట్లో "ఈ ఉద్యోగాలు మనకు వద్దులే" అన్నారు. నాలుగేళ్ల చదువు అక్కడితో ఆగింది. ఆ తెలివి, ఆ కష్టం, మీ డబ్బు అక్కడే ఆగిపోయాయి. ఆ ఇంట్లో రెండో పిల్ల నర్సింగ్ చదువుతానంటే "అక్కను చూశాం కదా" అన్నారు. ఒక పిల్ల వెనక్కి వస్తే ఆ వీధిలో మరో నలుగురికి తలుపు మూసుకుంటుంది.

రెండో అమ్మాయివి మామూలు మార్కులు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఆడవాళ్ల మెడికల్ వార్డులో చేరింది. మొదటి నెలలు ఆమె కూడా ఏడ్చింది. కానీ అక్కడ ఇన్‌ఛార్జి సిస్టర్ ఒకావిడ ఉండేది. కేస్ షీట్ రాయడం నుంచి కాన్యులా పెట్టడం దాకా పక్కన నిలబడి నేర్పింది. తిట్టింది కూడా. ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ అయిన రోగుల వార్డుకు, అక్కడి నుంచి ఐ.సి.యు.కి వెళ్లింది. ఇప్పుడు ఐ.సి.యు.లో కొత్తవాళ్లకు నేర్పేది ఆమే.

ఈ రెండు కథల్లో ఒకటి ఐ.సి.యు., ఒకటి వార్డు అని మాత్రమే చూడకండి. రెండో కథలో ఇన్‌ఛార్జి సిస్టర్ ఉంది, మొదటి దాంట్లో లేదు. వార్డులో కూడా రాత్రి నలభై మందికి ఒక్క పిల్లను వదిలేసే చోట్లు ఉన్నాయి. అలాంటి వార్డు కన్నా మంచి సీనియర్ ఉన్న ఐ.సి.యు. మేలు.

అందుకే నా అభిప్రాయం ఇది. మన పిల్లలు చేరే ఆసుపత్రుల తీరు చూస్తే, మొదటి ఏడాది మెడికల్, సర్జికల్ వార్డుల్లో గడవడం మంచిది. తర్వాత ఆపరేషన్ అయిన రోగుల వార్డు గానీ, ఐ.సి.యు.కి వార్డుకు మధ్యలో ఉండే హెచ్.డి.యు. గానీ. ఆపైన ఐ.సి.యు. అయితే నేరుగా ఐ.సి.యు. అన్న చోట ఈ కింది ప్రశ్నలకు సరైన జవాబు వస్తే ఆ పిల్లను ఆపక్కర్లేదు.

చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు

ఒకటి. ఎన్ని వారాలు సీనియర్ పక్కన, డ్యూటీ లెక్కలో లేకుండా ఉంచుతారు? "రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుందిలే" అంటే అక్కడ వద్దు.

రెండు. వెంటిలేటర్ రోగులు ఒక్కో నర్సుకు ఎంతమంది? వార్డయితే రాత్రిపూట ఎంతమందికి ఒకరు?

మూడు. నైట్ డ్యూటీ ఎన్నో నెలలో మొదలు? ఆ రాత్రి పిలిస్తే పలికే సీనియర్ సిస్టర్ అదే అంతస్తులో ఉంటుందా?

నాలుగు. నేర్చుకోవాల్సిన పనుల జాబితా ఉందా? ఒక్కో పని వచ్చిందని చూసి సంతకం పెట్టేదెవరు?

అయిదు. అనుభవం సర్టిఫికెట్‌లో విభాగం పేరు, తేదీలు రాసి ఇస్తారా? ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా? చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదలకండి.

ఈ ప్రశ్నలు పిల్ల ఒక్కతే అడిగితే "నీకెందుకు" అంటారు. సొసైటీ తరఫున ఒక పెద్దమనిషి వెంట వెళ్లి మర్యాదగా అడిగితే జవాబు చెబుతారు.

విదేశాల సంగతి కూడా ఒక మాట. పేరుకు ఐ.సి.యు. సర్టిఫికెట్ తెచ్చుకుని, ఇంటర్వ్యూలో వెంటిలేటర్ గురించి నాలుగు ప్రశ్నలకు తడబడితే ఆ కాగితం పనికిరాదు. గల్ఫ్ దేశాల లైసెన్సు పరీక్షల్లో సాధారణ నర్సింగ్ ప్రశ్నలూ ఉంటాయి. వార్డులో నేర్చుకున్నదే అక్కడ పనికొస్తుంది. జర్మనీ వెళ్లాలంటే ముందు భాష రావాలి. దళారుల చేతిలో పడకండి. గల్ఫ్ లాంటి దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని 2015లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. ముందు అక్కడ అడగండి.

దాతలకు నా విన్నపం

మన సొసైటీ సాయం ఇప్పుడు చివరి ఏడాది ఫీజుతో ఆగిపోతుంది. అసలు కష్టం ఆ మర్నాటి నుంచే మొదలవుతుంది. చేతిలో డబ్బు లేని పిల్ల ఎవరు ముందు పిలిస్తే అక్కడ చేరుతుంది. ఎంచుకునే స్థోమత ఆమెకు ఉండదు. ప్రశ్నలు అడిగే ధైర్యం కూడా ఉండదు. బావి తవ్వించి చేదతాడు ఇవ్వకపోతే ఆ నీళ్లు ఎవరికి అందుతాయి?

అందుకని మూడు పనులు కోరుతున్నాను. మొదటిది, ఒక్కో పిల్లకు ఇచ్చే మొత్తంలో కొంత భాగాన్ని కోర్సు తర్వాతి కాలానికి పక్కన పెట్టండి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఖర్చు, మొదటి మూడు నెలల హాస్టల్ అద్దె, మంచి బూట్లు, సెకన్ల ముల్లున్న గడియారం. ఇంత ఉంటే ఆ పిల్ల కాస్త ఆగి, మంచి చోటు చూసుకుని చేరగలదు. ఇది జకాత్ నుంచి ఇవ్వాలా, సాధారణ విరాళాల నుంచి ఇవ్వాలా అన్నది ఉలమాను అడిగి కమిటీ తేలుస్తుంది. రెండోది, మన సమాజంలో పదవీ విరమణ చేసిన సిస్టర్లు ఉన్నారు. వాళ్లలో నలుగురు ముందుకొస్తే ఒక్కొక్కరికి అయిదారుగురు కొత్త పిల్లలను అప్పగిద్దాం. వారానికి ఒక ఫోన్ చాలు. ఏడుపొచ్చిన రాత్రి తర్వాతి పొద్దున మాట్లాడడానికి ఒక పెద్ద దిక్కు ఉంటే పిల్ల ఇంటికి తిరిగి రాదు. దీనికి డబ్బు అక్కర్లేదు, మనసుంటే చాలు. మూడోది, మీలో ఆసుపత్రులతో పరిచయమున్న వ్యాపారులు, డాక్టర్లు ఉన్నారు. ఇందాక చెప్పిన ప్రశ్నలు మీ నోట అడగండి. మంచి జవాబు చెప్పిన ఆసుపత్రుల జాబితా మన ఆఫీసులో ఉంచుదాం.

కొంతమంది పెద్దలకు ఇంకా ఒక సంకోచం ఉంది, ఆడపిల్లలకు ఈ వృత్తి తగునా అని. మదీనాలో మస్జిదె నబవీ ఆవరణలో గుడారం వేసి గాయపడినవారికి సేవ చేసిన రుఫైదా అల్ అస్లమియా పేరు మీకు తెలుసు. కందకం యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్‌ను ఆమె గుడారానికే చేర్చారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లో నర్సింగ్ బడి పెట్టడానికి పన్నెండు వందల ఏళ్లకు పైగా ముందు మాట అది. కాబట్టి వృత్తి తగునా అన్న ప్రశ్న మనకు లేదు. ఆ వృత్తిలోకి మన పిల్లను ఎలా పంపుతున్నాం, ఎవరి చేతుల్లో పెడుతున్నాం అన్నదే ప్రశ్న.

తల్లిదండ్రులకు చివరి మాట. వార్డులో గడిచిన ఏడాది వృథా అయిన ఏడాది కాదు. "ఇంకా వార్డులోనేనా?" అని పిల్లను అడగకండి. "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడగండి.

వచ్చే నెల కమిటీ సమావేశంలో స్కాలర్‌షిప్ నియమాలు చర్చకు వస్తాయి. నేను చెప్పిన మూడు పనుల మీద మీ అభిప్రాయం, ఒప్పుకున్నా కాదన్నా, కమిటీకి రాసి పంపండి. ఈ సంవత్సరం కోర్సు ముగించే పిల్లల నుంచే మొదలుపెడదాం, ఇన్షా అల్లాహ్.